కప్పీ మీద వేలాడే బరువు, పలక మీద బండి: త్వరణం లెక్కకు ఎందుకు తక్కువ వస్తోంది?

ట్రాలీ_తొమ్మిది:

నమస్కారం. తొమ్మిదో తరగతి స్థాయిలో న్యూటన్ రెండో నియమాన్ని ప్రయోగం చేసి చూపించాలి. అమరిక ఇది. 1.2 మీటర్ల నున్నటి చెక్క పలక, దాని మీద 500 గ్రాముల చక్రాల బండి, పలక చివర తేలికపాటి ప్లాస్టిక్ కప్పీ, దాని మీదుగా సన్నని తాడు, తాడు కొసకు బరువులు. బరువు నేలను తాకేలోపు 60 సెం.మీ. దిగుతుంది. పలక పక్కనే స్కేలు పెట్టి, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున ఫోన్లో వీడియో తీసి, ప్రతి ఆరో ఫ్రేములో, అంటే 0.1 సెకనుకు ఒకసారి బండి ఎక్కడుందో చదివి త్వరణం కట్టాను.

వేలాడే బరువు 50, 100, 150, 200, 250 గ్రాములు. బరువును (కిలోల్లో) గురుత్వ త్వరణం 9.8తో గుణించి, బండి ద్రవ్యరాశి 0.5తో భాగిస్తే త్వరణం వరుసగా 0.98, 1.96, 2.94, 3.92, 4.90 మీ/సె² రావాలి. వచ్చినవి ఇవి: 0.53, 1.29, 1.96, 2.50, 3.01.

గ్రాఫు గీస్తే మూలబిందువు గుండా పోవడం లేదు, పైకి వెళ్లేకొద్దీ కొంచెం వంగుతోంది కూడా. ఘర్షణ వల్ల అనుకుందామంటే తేడా ఒకేలా లేదు. మొదటి రీడింగులో 0.45, చివరి దాంట్లో 1.89. ఘర్షణ అంతలా పెరుగుతుందా?

ఇంకో రెండు సందేహాలు. 10 గ్రాములు, 20 గ్రాములు వేలాడదీస్తే బండి అసలు కదల్లేదు. బలం ఉన్నప్పుడు ఎంతో కొంత త్వరణం ఉండాలి కదా? రెండోది పిల్లలు తప్పకుండా అడిగేది: తాడు బండిని ఎంత బలంతో లాగితే బండి కూడా తాడును అంతే బలంతో వెనక్కి లాగుతుంది కదా, మరి బండి ఎలా కదులుతోంది?

కప్పీతాడు:

మీ రీడింగులు చాలా బాగున్నాయి. తప్పు ప్రయోగంలో లేదు, మీరు వాటిని పోల్చిన లెక్కలో ఉంది.

ఆ లెక్కలో బలం వేలాడే బరువుది, ద్రవ్యరాశి మాత్రం బండిది. రెండూ ఒకే వస్తువుకు చెందాలి. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని రాసే ముందు, ఏ వస్తువు గురించి రాస్తున్నామో పెన్సిల్‌తో దాని చుట్టూ ఒక గీత గీయండి. గీత బయటి నుంచి లోపలికి పనిచేసే బలాలే ఎడమ పక్కకు వస్తాయి. గీత లోపల ఉన్న ద్రవ్యరాశి మొత్తం కుడి పక్కకు వస్తుంది.

ముందు బండినీ బరువునూ కలిపి ఒకే గీతలో పెడదాం. కదిలే దిశలో బయటి నుంచి లాగేది వేలాడే బరువు మీద భూమి ఆకర్షణ ఒక్కటే. అడ్డుపడేది ఘర్షణ. కదిలేది బండి, బరువు రెండూ. కాబట్టి

(వేలాడే ద్రవ్యరాశి × 9.8) − ఘర్షణ = (బండి + వేలాడే ద్రవ్యరాశి) × త్వరణం.

ఇప్పుడు కుడి పక్కను మీ రీడింగులతోనే కట్టండి.

50 గ్రా.: 0.55 × 0.53 = 0.29 న్యూటన్లు. భూమి లాగేది 0.49. తేడా 0.20.
100 గ్రా.: 0.60 × 1.29 = 0.77. లాగేది 0.98. తేడా 0.21.
150 గ్రా.: 0.65 × 1.96 = 1.27. లాగేది 1.47. తేడా 0.20.
200 గ్రా.: 0.70 × 2.50 = 1.75. లాగేది 1.96. తేడా 0.21.
250 గ్రా.: 0.75 × 3.01 = 2.26. లాగేది 2.45. తేడా 0.19.

ఐదింటిలోనూ తేడా 0.20 చుట్టూనే ఉంది. అదే ఘర్షణ, ఏమీ పెరగలేదు. బండి బరువు మారలేదు కాబట్టి ఘర్షణ మారడానికి కారణమూ లేదు. పెరుగుతున్నట్టు కనిపించిన తేడా, వేలాడే ద్రవ్యరాశిని లెక్కలో వదిలేయడం వల్ల వచ్చింది. 250 గ్రాముల దగ్గర మీరు అర కిలో కదులుతోందనుకున్నారు, నిజానికి కదులుతున్నది ముప్పావు కిలో. గ్రాఫు వంగడం కూడా ఇందుకే. బలం పెంచిన ప్రతిసారీ కదిలే ద్రవ్యరాశి కూడా పెరిగింది.

ఇప్పుడు గీతను బండి ఒక్కదాని చుట్టూ గీద్దాం. దాన్ని ముందుకు లాగేది తాడులోని తన్యత, అంటే బిగిసిన తాడు లాగే బలం. అది వేలాడే బరువుకు సమానం అనుకోవడం అతి మామూలు పొరపాటు. 200 గ్రాముల రీడింగే తీసుకోండి. బరువు ఒక్కదాని చుట్టూ గీత గీస్తే, కిందికి 1.96 న్యూటన్లు, పైకి తన్యత, త్వరణం కిందికి 2.50. అంటే తన్యత = 0.2 × (9.8 − 2.5) = 1.46 న్యూటన్లు. బండి వైపు సరిచూద్దాం: 1.46 లోంచి ఘర్షణ 0.21 తీస్తే 1.25. దాన్ని 0.5తో భాగిస్తే 2.50. సరిపోయింది.

బండిని చేత్తో పట్టుకుని ఉన్నంతసేపు తన్యత 1.96 న్యూటన్లే. వదిలిన క్షణంలో 1.46కు పడిపోతుంది. బండికీ తాడుకూ మధ్య తేలికైన స్ప్రింగ్ త్రాసు కట్టి వీడియో తీస్తే ముల్లు వెనక్కి జారడం స్పష్టంగా కనిపిస్తుంది. స్ప్రింగ్ కాసేపు ఊగుతుంది కాబట్టి కచ్చితమైన అంకె రాదు గానీ, తగ్గిందన్న సంగతి పిల్లలు కళ్లారా చూస్తారు. త్రాసు బరువును బండి ద్రవ్యరాశిలో కలపడం మరవొద్దు.

ఇంకొక్క మాట. 9.8 బదులు 10 వేసి చేయకండి. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ మనం ఇక్కడ రెండు దగ్గరి అంకెల తేడా తీస్తున్నాం. 10 వేస్తే ఘర్షణ 0.21 నుంచి 0.25 దాకా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, లేనిపోని అనుమానం వస్తుంది.

స్థిరద్రవ్యరాశి:

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. తరగతిలో చూపించడానికి మాత్రం అమరికను కొంచెం మార్చండి. త్వరణం బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని చూపించాలంటే ద్రవ్యరాశి మారకుండా ఉండాలి. ఐదు 50 గ్రాముల బిళ్లలనూ మొదట్లోనే ప్రయోగంలోకి తెచ్చేయండి. వేలాడనివి బండి మీద ఉండాలి. ఒక్కో రీడింగుకు ఒక్కో బిళ్లను బండి మీంచి తీసి కొక్కేనికి తగిలించండి. కదిలే మొత్తం ఎప్పుడూ 750 గ్రాములే. అప్పుడు గ్రాఫు సరళరేఖ అవుతుంది, దాని వాలు నేరుగా 1/0.75, అంటే 1.33 రావాలి.

కొన్ని పుస్తకాల్లో "వేలాడే బరువు బండి కన్నా చాలా తక్కువ ఉండాలి" అని రాసి వదిలేస్తారు. ఆ సలహా నాకు నచ్చదు. బండిలో పదో వంతు వేలాడదీసినా లెక్క 9 శాతం తప్పుతుంది. పైగా బరువు తగ్గేకొద్దీ ఘర్షణ వాటా పెరుగుతుంది. మీ 50 గ్రాముల రీడింగులో లాగే బలంలో నలభై శాతం ఘర్షణకే పోయింది. ఒక తప్పును తగ్గించబోయి ఇంకోదాన్ని పెంచుకోవడం అది.

ఘర్షణను సరిదిద్దడానికి పలకను వాల్చాలి. కప్పీకి ఎదురు కొసను ఎత్తండి. ఎంత ఎత్తాలంటే, ఘర్షణ 0.20, బండి బరువు 4.9, నిష్పత్తి 0.041. 1.2 మీటర్ల పలకకు దాదాపు 5 సెం.మీ. బండి మీద బిళ్లలు పెడితే ఘర్షణ పెరుగుతుంది, వాలు మీద కిందికి లాగే బలమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి ఒకసారి సరిచేస్తే అన్ని రీడింగులకూ సరిపోతుంది. కప్పీ ఇరుసు దగ్గరి కొద్దిపాటి ఘర్షణ మాత్రం దీనితో పోదు.

తాడు పలకకు సమాంతరంగా ఉందో లేదో కూడా చూడండి. పలకను ఎత్తాక కప్పీ ఎత్తు మళ్లీ సరిచేయాలి. తాడు 10 డిగ్రీలు వంకరగా ఉంటే పోయేది ఒకటిన్నర శాతమే, 20 డిగ్రీలైతే ఆరు శాతం. మొదట్లో తాడు పొడవుగా ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. బండి కప్పీకి దగ్గరవుతున్నకొద్దీ కోణం పెరిగి, అదే పరుగులో త్వరణం మారుతూ పోతుంది.

కర్తకర్మ:

మూడో ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకంటే పిల్లలు తిరిగి తిరిగి వచ్చి పడే గుంట అదే.

ప్రతి బలానికీ పూర్తి వాక్యంతో పేరు పెట్టించండి: ఏది, దేన్ని, ఏం చేస్తోంది. "తాడు బండిని లాగుతోంది." దీని ప్రతిచర్య కావాలంటే వాక్యంలో కర్తను కర్మ చేయాలి, కర్మను కర్త చేయాలి, క్రియ మారకూడదు. "బండి తాడును లాగుతోంది." అంతే. మొదటి వాక్యంలో బలం పడేది బండి మీద, రెండో దాంట్లో తాడు మీద. బండి చుట్టూ గీత గీస్తే మొదటిదే లెక్కలోకి వస్తుంది. రెండోది తాడు ఖాతాలోది, బండికి దాంతో పని లేదు. రెండు వేర్వేరు ఖాతాల్లోని అంకెలను తీసివేస్తేనే "కొట్టేసుకుని సున్నా అయిపోవాలి కదా" అన్న ప్రశ్న పుడుతుంది.

200 గ్రాముల రీడింగులో బండి మీద అడ్డంగా పనిచేసేవి రెండే: తాడు ముందుకు లాగే 1.46, పలక వెనక్కి పట్టే ఘర్షణ 0.21. ఈ రెండూ చర్య, ప్రతిచర్యల జంట కావు. రెండూ బండి మీదే ఉన్నాయి కాబట్టి కూడికకూ తీసివేతకూ అర్హమైనవి.

తాడు సంగతి చూస్తే, బండి దాన్ని వెనక్కి 1.46తో లాగుతుంది, అటు నుంచి వేలాడే బరువు లాగేదీ దాదాపు అంతే. తాడుకు కూడా త్వరణం ఉంది కదా, తేడా ఉండొద్దా అంటే, ఉంటుంది. తాడు 1 గ్రాము అనుకుంటే కావలసింది 0.001 × 2.5 = 0.0025 న్యూటన్లు. మీ కొలతలో అది కనపడదు. "తాడు తేలికైనది" అని లెక్కల్లో రాసే మాట వెనకున్న అర్థం ఇదే. తాడు రెండు కొసల్లో బలం సమానం కావడం న్యూటన్ మూడో నియమం (చర్య, ప్రతిచర్యల నియమం) వల్ల కాదు, తాడుకు ద్రవ్యరాశి దాదాపు లేకపోవడం వల్ల. లాగే తాడు బదులు బరువైన గొలుసు కడితే రెండు కొసల బలాలూ వేరు వేరుగా ఉంటాయి.

ఇదే పరీక్ష బల్ల మీది పుస్తకానికి పెట్టండి. "భూమి పుస్తకాన్ని ఆకర్షిస్తోంది" అన్నదాన్ని తిప్పితే "పుస్తకం భూమిని ఆకర్షిస్తోంది" అవుతుంది. "బల్ల పుస్తకాన్ని పైకి నెడుతోంది" అన్నది ఎంత తిప్పినా రాదు. అందుకే పుస్తకం బరువు, బల్ల ఇచ్చే అభిలంబ బలం ఒక జంట కావు. సమానంగా ఉన్నాయి కదా అంటారు. చేత్తో పుస్తకాన్ని 3 న్యూటన్లతో కిందికి నొక్కమనండి. అభిలంబ బలం 3 న్యూటన్లు పెరుగుతుంది, భూమి ఆకర్షణ పిసరంత కూడా మారదు. నిజమైన జంట అయితే ఒకటి మారి ఇంకోటి మారకుండా ఉండడం కుదరదు.

ట్రాలీ_తొమ్మిది:

కర్త, కర్మల పద్ధతి చాలా బాగుందండి, తెలుగు వాచకంలో నేర్చుకున్నదే కాబట్టి పిల్లలకు వెంటనే అందుతుంది. 10, 20 గ్రాముల దగ్గర కదలకపోవడం గురించి ఇంకా తేలలేదు. ఘర్షణ 0.20 అని లెక్కలో వచ్చింది. 10 గ్రాములు లాగేది 0.098. మరి ఫలిత బలం 0.098 − 0.20, అంటే బండి వెనక్కి వెళ్లాలా?

స్థైతిక:

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. చాలామందికి ఈ అనుమానమే రాదు, వచ్చినా అడగరు.

నిలిచి ఉన్న బండి మీద ఘర్షణ ఒక స్థిరమైన అంకె కాదు. ఎంత లాగితే అంతే ఎదురు నిలుస్తుంది, ఒక హద్దు దాకా. 10 గ్రాములు వేలాడుతున్నప్పుడు ఘర్షణ 0.098, ఫలిత బలం సున్నా. 20 గ్రాములకు 0.196, ఫలితం మళ్లీ సున్నా. హద్దు దాటాకే బండి కదులుతుంది. కదిలాక ఘర్షణ ఆ హద్దు కన్నా కొంచెం తగ్గి, దాదాపు స్థిరంగా ఉంటుంది. మీకు లెక్కలో వచ్చిన 0.20 ఆ కదిలేటప్పటిది. బలం ఉంటే త్వరణం ఉండాలన్నది సగం మాట. ఫలిత బలం ఉంటేనే త్వరణం.

స్థైతిక ఘర్షణ (నిలిచి ఉన్నప్పటి ఘర్షణ) = గుణకం × అభిలంబ బలం అని బట్టీ పట్టించడం వల్ల వచ్చే తప్పు ఇక్కడే. ఆ సూత్రం హద్దును చెప్తుంది, ఇప్పుడున్న ఘర్షణను కాదు. ఉదాహరణకు 2 కిలోల చెక్క దిమ్మె, స్థైతిక గుణకం 0.5, జారుడు గుణకం 0.4 అనుకోండి. హద్దు 0.5 × 19.6 = 9.8 న్యూటన్లు. 5తో నెడితే ఘర్షణ 5, దిమ్మె కదలదు. 9తో నెడితే 9, అప్పుడూ కదలదు. 12తో నెడితే హద్దు దాటింది, ఇప్పుడు జారుడు ఘర్షణ 7.84, త్వరణం (12 − 7.84)/2 = 2.08. కదిలాక నెట్టుడును 7.84కు తగ్గిస్తే ఆగిపోతుందా? ఆగదు. ఉన్న వేగంతోనే పోతూ ఉంటుంది.

ఆ చివరి మాటను మీ అమరికలోనే చూపించవచ్చు, నా మటుకు ఈ మొత్తం ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. 20 గ్రాములు వేలాడదీయండి. బండి కదలదు. ఇప్పుడు వేలితో కప్పీ వైపు మెల్లగా ఒక్క తోపు తోసి వదిలేయండి. లాగేది 0.196, ఘర్షణ 0.20, ఫలితం దాదాపు సున్నా. బండి ఆగకుండా, వేగం పెరగకుండా సాగిపోతుంది. వీడియోలో ప్రతి 0.1 సెకనుకూ ఒకే దూరం వస్తుంది. "కదులుతోందంటే ఫలిత బలం ఉన్నట్టే" అన్న నమ్మకం ఎంత లోతుగా ఉంటుందంటే, నియమం నోటికొచ్చిన పిల్లలు కూడా బాణం గుర్తు గీయమంటే ముందుకే గీస్తారు. బండి కదులుతూ ఉండగా, ఫలిత బలం సున్నా అని అంకెలతో చూపించే అవకాశం ఇక్కడ దొరుకుతుంది.

ఇంకో ఉపాయం. బరువు 60 సెం.మీ. దిగి నేలను తాకాక తాడు వదులవుతుంది, తన్యత సున్నా. బండి మీద అడ్డంగా మిగిలేది ఘర్షణ ఒక్కటే. పలక 1.2 మీటర్లు ఉంది కాబట్టి ఆ తర్వాతి భాగం కూడా వీడియోలో పడుతుంది, దాన్ని పారేయకండి. 100 గ్రాముల పరుగులో, సమతలంగా ఉన్న పలక మీద, బరువు నేలను తాకేటప్పటికి వేగం దాదాపు 1.24 మీ/సె. అక్కడి నుంచి 0.1 సెకను దూరాలు సుమారు 12.2, 11.8, 11.4, 11.0 సెం.మీ. రావాలి, ఒక్కోసారి 0.4 సెం.మీ. తగ్గుతూ. అంటే రుణ త్వరణం 0.4 మీ/సె², దాన్ని 0.5తో గుణిస్తే 0.20 న్యూటన్లు. ముందు తీసివేతతో వచ్చిన ఘర్షణే ఇప్పుడు వేరే దారిలో వచ్చింది. కప్పీ ఘర్షణ ఇందులో ఉండదు కాబట్టి, ఇది ముందుదాని కన్నా కొంచెం తక్కువ వస్తే ఆ తేడా కప్పీది. కప్పీ ముందు ఒక మెత్తటి స్పాంజి ముక్క పెట్టండి, లేకపోతే బండి నేరుగా వచ్చి దాన్ని ఢీకొంటుంది.

చాలా మంది చేసే తప్పు కూడా ఇక్కడే ఉంది: స్టాప్‌వాచ్‌తో పలక మొత్తం దూరానికి సమయం తీసి, త్వరణం = 2 × దూరం / సమయం వర్గం అని కట్టేస్తారు. బరువు మధ్యలోనే నేలను తాకితే ఆ సూత్రం చెల్లదు, అది సమత్వరణానికి మాత్రమే. పైగా 0.7 సెకన్ల పరుగులో వేలు నొక్కడంలో 0.2 సెకన్ల తేడా వచ్చినా, సమయం వర్గం కాబట్టి త్వరణం సగానికి సగం తప్పిపోతుంది. వీడియోతో తీయడం మీరు చేసిన మంచి పని.

కప్పీతాడు:

వీడియో మాట వచ్చింది కాబట్టి చదివే పద్ధతి చెప్తాను. నిలకడ నుంచి మొదలైన బండి 1.3 మీ/సె² త్వరణంతో పోతే, 0.1 సెకనుకు ఒకసారి దాని స్థానాలు 0.65, 2.60, 5.85, 10.40, 16.25 సెం.మీ. మధ్య దూరాలు 0.65, 1.95, 3.25, 4.55, 5.85. ఇవి 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో ఉంటాయి, గెలీలియో గుర్తించిన బేసి సంఖ్యల వరుస ఇదే. పక్కపక్క దూరాల తేడా అన్ని చోట్లా 1.30 సెం.మీ. ఈ తేడాను సమయం వర్గంతో, అంటే 0.01తో భాగిస్తే త్వరణం. వదిలిన క్షణం ఏ ఫ్రేములో ఉందో తెలియకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది, అదే దీని గొప్ప. బేసి సంఖ్యల నిష్పత్తి రాకపోయినా కంగారు పడక్కర్లేదు, తేడా స్థిరంగా ఉంటే చాలు.

అయితే స్కేలు చదవడంలో 1 మి.మీ. అటూ ఇటూ అయితే 13 మి.మీ. తేడాలో అది పెద్ద తప్పే. అందుకే 0.1 బదులు 0.2 సెకన్ల ఎడం తీసుకుంటే తేడా నాలుగు రెట్లవుతుంది, 5.2 సెం.మీ. చదివే తప్పు మాత్రం అంతే ఉంటుంది. 250 గ్రాముల పరుగు 0.63 సెకన్లలోనే అయిపోతుంది కాబట్టి అక్కడ 0.1 తప్పదు, తేడా ఎలాగూ 3 సెం.మీ. ఉంటుంది.

ఫోన్ కదలకుండా, పలక నడిమి భాగానికి ఎదురుగా, వీలైనంత దూరంలో పెట్టండి. స్కేలు బండి ముఖం ఉన్న తలంలోనే ఉండాలి. వెనక గోడకు అంటిస్తే అంచుల్లో దూరాలు తప్పుగా కనిపిస్తాయి. వెలుతురు బాగా ఉండాలి. గదిలో మసకగా ఉంటే ఫోన్ ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. చివర్లో బండి వేగం 1.9 మీ/సె దాకా పోతుంది, అరవయ్యో వంతు సెకను తెరిచి ఉంటే 3 సెం.మీ. మేర అలికినట్టు వస్తుంది, అంచు ఎక్కడుందో తెలియదు. బండి ముందంచుకు సన్నని తెల్ల టేపు అంటించి దాన్నే చదవండి.

ట్రాలీ_తొమ్మిది:

అందరికీ ధన్యవాదాలు. మొత్తం 750 గ్రాములు స్థిరంగా ఉంచి, పలకను ఎత్తి మళ్లీ చేశాను. 5 సెం.మీ. ఎత్తితే బండి తనంత తాను కదల్లేదు, అందుకని కదలడం మొదలయ్యేదాకా ఎత్తాను, 5.6 సెం.మీ. దగ్గర కదిలింది. తాడు ఎత్తు కూడా సరిచేశాను. త్వరణాలు: 0.71, 1.36, 2.00, 2.65, 3.30. సరళరేఖ చక్కగా వచ్చింది. కానీ ఈసారి రేఖ వెనక్కి పొడిగిస్తే సున్నా బలం దగ్గర త్వరణం 0.06 చూపిస్తోంది. ముందు తక్కువ, ఇప్పుడు ఎక్కువ. ఏం తప్పింది?

స్థిరద్రవ్యరాశి:

కదలడం మొదలయ్యేదాకా ఎత్తడమే తప్పింది. అక్కడ మీరు కొలిచింది స్థైతిక ఘర్షణ హద్దు. పరుగులో అడ్డుపడేది దానికన్నా తక్కువ ఉండే దొర్లుడు ఘర్షణ. వాలు ఎక్కువై బండిని కొంచెం ముందుకు నెడుతోంది.

ఎంత ఎక్కువైందో గ్రాఫే చెప్తుంది. సున్నా బలం అంటే బిళ్లలన్నీ బండి మీదే ఉన్నట్టు, వాలు ఒక్కటే లాగుతున్నట్టు. 0.06ను 9.8తో భాగిస్తే 0.006. 120 సెం.మీ. పలకకు 0.7 సెం.మీ. అంటే సరైన ఎత్తు 4.9. మొదటి ప్రయోగంలోని ఘర్షణ నుంచి కట్టిన 5 సెం.మీ.కు పక్కనే ఉంది.

సరిచూసే పద్ధతి ఇలా ఉండాలి: తాడు విప్పేసి, 5 సెం.మీ. ఎత్తు దగ్గర బండిని వేలితో మెల్లగా తోసి వదలండి. 0.2 సెకను దూరాలు సమానంగా ఉంటే ఎత్తు సరిపోయింది. పెరుగుతుంటే 1 మి.మీ. మందం అట్టముక్క ఒకటి తీయండి, తగ్గుతుంటే ఒకటి పెట్టండి. తోయకుండా దానంతట అది కదలాలని చూడొద్దు.

మీ రేఖ వాలు ఎలా ఉందో కూడా చూశాను. బలం 0.49 నుంచి 2.45కు, త్వరణం 0.71 నుంచి 3.30కు. 2.59/1.96 = 1.32. తలకిందులు చేస్తే 0.757 కిలోలు, బిళ్లలతో కలిపి మీరు తూచింది 0.750. ఆ 7 గ్రాముల్లో కొంత ఎక్కువైన వాలు వల్లే వచ్చి ఉంటుంది: బిళ్లలు బండి మీంచి దిగేకొద్దీ వాలు నెట్టే బలం తగ్గుతుంది, దాంతో గ్రాఫు వాలు కూడా కాస్త తగ్గుతుంది. ఎత్తు 4.9కు దించాక కూడా అదే తేడా మిగిలితే కప్పీని తూచండి. గట్టి బిళ్లలాంటి కప్పీ తిరగడానికి తన బరువులో సగం ద్రవ్యరాశి కదిలినంత బలం తీసుకుంటుంది, 14 గ్రాముల కప్పీ అయితే సరిగ్గా 7.